గుర్రం బేరంలో నేనడిగిన మాట

మా ఇంటాయనకు సుడులు చూడటం వచ్చు. ఎద్దుకైనా గుర్రానికైనా ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటును సుడి అంటారు. ఏ సుడి ఎక్కడుంటే ఇంటికి మేలు, ఎక్కడుంటే యజమానికి కీడు అన్నది పెద్ద శాస్త్రం. మా మామ అందులో దిట్ట. ఆయన చూసి ఊఁ అంటే తప్ప మా చుట్టుపక్కల పల్లెల్లో ఎవరూ ఎద్దుల జత కొనేవాళ్ళు కాదు. మామ పోతూ పోతూ కొడుక్కి కొంత వేరుశనగ చేను, నీళ్ళు రాని ఒక బోరు, ఈ విద్య ఇచ్చిపోయారు. చేను పండటం మానేసింది, బోరులో గాలి తప్ప ఏమీ రాదు. విద్య ఒక్కటే మా ఆయన నోట్లో ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది.

నాకు ఏ శాస్త్రమూ రాదు. కుట్టుమిషను తొక్కడం వచ్చు, మా పొదుపు సంఘం మినిట్స్ పుస్తకం రాయడం వచ్చు. అడగాల్సింది అడగడం కూడా వచ్చు కానీ, అది మా ఇంట్లో ఎవరికీ గిట్టదు.

మాది సోమందేపల్లెకు దగ్గర్లో, హైవేకు కూతవేటు దూరంలో ఉన్న పల్లె. వానలు మొహం చాటేసినా హైవే పక్కన కల్యాణమండపాలు మాత్రం పుట్టగొడుగుల్లా లేచాయి. పెళ్ళికొడుకులందరికీ గుర్రమెక్కి ఊరేగాలని బుద్ధి పుట్టింది. వెనకటికి మా వైపు పెళ్ళికొడుకు ఎద్దుల బండెక్కితే అదే గొప్ప. ఇప్పుడు గుర్రం లేకపోతే ఫొటోలు బాగుండవట. పెళ్ళి గుర్రాలన్నీ హిందూపురం నుంచి, బెంగళూరు నుంచి బాడుగకు వస్తుంటే మా ఆయన చూసి చూసి ఒకరోజు అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు.

"ఎద్దులమ్మేద్దాం. గుర్రం కొందాం. సేద్యం ఇంక మనల్ని సాకదు."

నిజం చెప్పాలంటే నాకు ఆ ఆలోచన నచ్చింది. అందుకే ఎద్దులమ్మిన డబ్బు చాలకపోతే సంఘంలో నా పేరు మీద అప్పు తీసిచ్చాను. దానితో ఇంట్లో ఉన్నదంతా ఆ గుర్రం మీద పెట్టినట్టయింది. అది నడిస్తే ఇల్లు నడుస్తుంది, నడవకపోతే ఇద్దరం కూలికి పోవాలి. అప్పు నాది కాబట్టి పరసకు నేనూ వస్తానన్నాను. మొగవాళ్ళు తిరిగే చోటికి నువ్వెందుకని ఆయన రెండుసార్లు గొణిగి, మూడోసారి ఊరుకున్నాడు.

కళ్యాణదుర్గం అవతల ఏటా జరిగే పశువుల సంతను మేం పరస అంటాం. బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి పొద్దెక్కే వేళకు చేరాం. ఎద్దుల మధ్య ఒక మూల నాలుగైదు గుర్రాలు కట్టేసి ఉన్నాయి. అందులో ఒక తెల్ల ఆడగుర్రం. దాన్ని చూడగానే మా ఆయన నడక మారిపోయింది. అమ్మే మనిషి యాభై దాటినవాడు, తెల్ల మీసం, జరీ అంచు పంచె, మాట తేనె. "రాప్పా, చూడు, తడిమి చూడు, నేనేం చెప్పను. వస్తువే చెప్తాది," అన్నాడు.

మా ఆయన అరగంట సేపు దాన్ని తడిమాడు. గొంతు కింద సుడి ఉంది, దేవమణి అంటారట, మహా శుభం. జీను పడేచోట చెడ్డ సుడి లేదు. నుదుట ఉన్న సుడి మీద బొటనవేలు పెట్టి కళ్ళు మూసుకుని ఏదో లెక్క కట్టాడు. అది రెండు కళ్ళకూ మధ్యలో ఉంది. ఆయన వేలికి జానెడు దూరంలో ఆ గుర్రం ఎడమ కన్ను ఉంది. దాన్ని మాత్రం చూడలేదు. చూద్దామన్నా కళ్ళేనికి ఎడమ పక్కన దిష్టికి అని నల్ల ఉన్ని కుచ్చులు గుత్తిగా వేలాడదీసి ఉన్నాయి. అమ్మే మనిషి కూడా ఆ పక్కనే దాని మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు. నేను గమనించాను కానీ అందులో ఏముందో నాకూ తట్టలేదు. తట్టిందని ఇప్పుడు గొప్పలు పోతే అబద్ధమవుతుంది.

మా పరసలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి మీద తువ్వాలు కప్పుకుంటారు. దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి ఎంతకు తెగిందో తెలియకూడదని పెద్దలు పెట్టుకున్న పద్ధతి. తువ్వాలు పరిచాక ఎవరూ నోరు మెదపకూడదు. తువ్వాలు తీస్తే బేరం ముగిసినట్టు, ఆ తర్వాత మాటల్లేవు.

వాళ్ళు తువ్వాలు పరిచారు. ఇంత డబ్బు పోసి కొంటున్నాం, సుడులు తప్ప ఒక్క ముక్క అడగలేదు. ఉల్లిపాయలు కొంటేనే నాలుగు తిప్పి చూస్తాం కదా అనిపించింది. ముందుకెళ్ళి అడిగేశాను.

"అన్నా, దీనికి రోగం రొష్టు ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. నువ్వు ఏమీ చెప్పకపోతే, ఏ లోపమూ లేదనే మేం కొంటాం."

అమ్మే మనిషి తలెత్తి నన్ను చూశాడు. చూసి నోరు తెరవబోయాడో లేదో నాకు తెలియదు. ఈలోగా మా ఆయన మొహం ఎర్రబడిపోయింది.

"నువ్వు నోరు మూసుకోవే! తువ్వాలు పరిచినాంక ఆడోళ్ళు మాట్లాడతారా? పోయి ఆ పక్క నిలబడు."

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేను పోయి ఆ పక్క నిలబడ్డాను. అమ్మే మనిషి ఏమీ అనకుండా తువ్వాలు కింద మళ్ళీ వేళ్ళు కదిలించాడు. కాసేపటికి తువ్వాలు లేచింది, గుర్రం మాదయింది.

మొదటి పెళ్ళి వారం తిరక్కుండానే కుదిరింది. నేనే ఎర్ర మఖమల్ గుడ్డ కొని, అంచులకు జరీ కుట్టి, జీను మీదకు దుప్పటి తయారుచేశాను. ఆ కొత్త దుప్పటి మీద నల్ల కుచ్చులు బాగుండవని నేనే విప్పేశాను. సాయంత్రం ఎండ తగ్గాక ఊరేగింపు బయలుదేరింది. బయట రోడ్డు మీదకు రాగానే బ్యాండువాళ్ళు ఎడమ వైపు నుంచి దూరి డప్పు మీద ఒక్కటిచ్చారు. గుర్రం అదిరిపడి కుడి పక్కకు గెంతి, అరటిపళ్ళ బండిని గుద్దింది. పెళ్ళికొడుకు జారుతూ జారుతూ మా ఆయన తలపాగా పట్టుకున్నాడు. తలపాగా ఊడింది కానీ పెళ్ళికొడుకు పడలేదు. మిగతా దారి పెళ్ళికొడుకు కారులో వెళ్ళాడు. మా ఆయన అరటిపళ్ళు ఏరిచ్చి, గుర్రాన్ని నడిపించుకుంటూ ఇంటికొచ్చాడు.

"కొత్త చోటు కదా, బెదిరింది," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఉలవలు ఉడికించి బకెట్లో పోసి గుర్రానికి ఎడమ పక్కన పెట్టాను. అది కుడి పక్క వెతుకుతోంది, ముందు వెతుకుతోంది, వాసన పట్టుకుని మెడ మొత్తం తిప్పితే తప్ప బకెట్ దొరకలేదు. చీర కొంగు తీసుకుని ఎడమ కంటి ముందు విసిరాను, రెప్ప వాల్చలేదు. కుడి కంటి ముందు విసిరితే తల వెనక్కి లాక్కుంది. మా ఆయన్ని పిలిచి మళ్ళీ చేసి చూపించాను. ఆయన అక్కడే గడ్డివాము పక్కన కూలబడ్డాడు. నాకు కోపం రావాలి కానీ ఆయన మొహం చూస్తే రాలేదు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు టార్చి వేసి చాలాసేపు చూశాడు. కంటి లోపల తెల్లటి పొర కట్టింది. ఈ జబ్బుకు కన్ను ఎర్రబడుతుంది, తగ్గుతుంది, పోయినట్టే పోయి మళ్ళీ వస్తుందట. ఇట్లా ఎన్నోసార్లు వచ్చిపోతే తప్ప ఈ పొర రాదన్నాడు. "ఇది నిన్నమొన్నటిది కాదమ్మా, ఎన్నో నెలలది. ఎడమది పోయింది. కుడిది ఎన్నాళ్ళుంటాదో చెప్పలేను," అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మని అడిగాను. రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. మా ఆయన ఫోన్లో పరసనాటి ఫొటోలు చూస్తే అన్నీ కుడి పక్క నుంచే ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఎడమ కన్ను లేదు.

అమ్మిన మనిషికి ఫోన్ చేశాం. తేనె కాస్తా ఎండిపోయింది. "తువ్వాలు తీసినాంక మాట ల్యాదప్పా. నీకు సుడులు చూసేకి వచ్చు గదా, కండ్లు చూసేకి రాదా?" అని పెట్టేశాడు. ఆ మాట మా ఆయనకు ముల్లులా దిగింది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు నేనే ఆయన్ని లేపి పెనుకొండ కోర్టు దగ్గరికి తీసుకుపోయాను. మా సంఘంలో ఒకామె కూతురు అక్కడ కొత్తగా ప్రాక్టీసు పెట్టింది. వయసులో చిన్నది కానీ మాట సూటి.

లాయరమ్మ మొత్తం విని, తెల్లకాగితం ముందు పెట్టుకుంది.

"వాడు లోపం ల్యాదని చెప్పినాడా అన్నా?"

"చెప్పినాడు మేడం. గుర్రం మీద చెయ్యేసి ప్రమాణం చేసినాడు," అన్నాడు మా ఆయన.

"చేయలేదు," అన్నాను నేను.

లాయరమ్మ ఇద్దర్నీ చూసింది. "అన్నా, ఒక్క అబద్ధం దొరికితే మీ నిజాలన్నీ దాంతో పాటే కొట్టుకుపోతాయి. జరిగిందే చెప్పండి," అంది. తర్వాత మాకున్న దారులు విడమరిచి చెప్పింది. ముందు నోటీసు ఇచ్చి గుర్రాన్ని వెనక్కి తీసుకోమని అడగవచ్చు. వినకపోతే సివిల్ దావా వేయవచ్చు. బతుకుతెరువు కోసం మేమే నడుపుకునేదానికి కొన్నాం కాబట్టి వినియోగదారుల కమిషన్‌కూ పోవచ్చు. పది గుర్రాలు కొని జీతగాళ్ళను పెట్టి వ్యాపారం చేసేవాళ్ళయితే ఆ దారి మూసుకుపోతుందట. పోలీసు కేసు పెట్టవచ్చు కానీ, మోసం చేయాలని మొదట్నుంచీ మనసులో ఉందని రుజువు చేయడం కష్టం. అన్నిటికంటే దగ్గరి దారి లోక్ అదాలత్. కేసు వేయకముందే ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేస్తారు, ఫీజు ఉండదు.

"ఇంకో మాట. లోపం తెలిసినాంక దాంతో పని చేయించుకుంటే, ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారని అంటారు. మేపండి, నీళ్ళు పెట్టండి. పెళ్ళికి మాత్రం తోలొద్దు."

మా ఆయన మొహం వాడిపోయింది. ముందున్నవన్నీ ముహూర్తాలే.

అప్పుడు ఆమె లావుపాటి పుస్తకమొకటి తీసింది. నేను జీవితంలో మర్చిపోలేని ముచ్చట అది. మన దేశపు కాంట్రాక్టు చట్టంలోనే ఒక గుర్రం ఉందట. తెల్లదొరల కాలంలో రాసిన చట్టం, ఉదాహరణకు గుర్రాన్నే తీసుకున్నారు. గుర్రానికి జబ్బుందని తెలిసి కూడా అమ్మేవాడు ఊరికే నోరు మూసుకుని వేలంలో అమ్మితే, అది మోసం కాదు. చూసుకోవాల్సింది కొనేవాడే.

"అయిపాయ," అన్నాడు మా ఆయన.

"ఆగు అన్నా. దాని కిందనే ఇంకోటుంది," అని లాయరమ్మ వేలు కిందికి జరిపింది. కొనేవాడు అమ్మేవాడితో, నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను అని చెప్పినప్పుడు, అమ్మేవాడు ఊరుకుంటే, ఆ ఊరుకోవడం బాగుందని నోటితో చెప్పినట్టే లెక్క.

నేను కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాను. "ఆ మాట నేనడిగినా! అచ్చం అదే మాట!"

పరసలో నేనన్నది అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. లాయరమ్మ కళ్ళు మెరిశాయి. "అన్నా, అక్క అడిగిందా?" అంది. మా ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తూ "ఏదో అనింది," అన్నాడు. "అడిగినాంక ఏమైంది?" అంటే ఆ క్యాలెండర్‌నే చదువుతున్నాడు. నేనే చెప్పాను.

"నన్ను నోరు మూసుకోమన్నాడు."

లాయరమ్మ పెన్ను కింద పెట్టింది. నా ప్రశ్న మాకు ప్రాణమట, ఆయన మాట మాకు గండమట. కొనేవాడే ఆమె నోరు మూయించాడు, ఇంక నేనెవరికి బదులు చెప్పాలి అని అవతలివాడు తప్పుకోవచ్చు. "అడిగితే నిజం చెప్పండి. అడగకపోతే మీ అంతట మీరు ఎత్తొద్దు," అంది.

బస్సులో మా ఆయన నా చెవి దగ్గర గొణిగాడు. "ఆ నోరు మూసుకోమన్న సంగతి ఆడ చెప్పొద్దు."

"కేసు కోసమా, నీ కోసమా?"

ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ క్షణంలో నాకు అమ్మినవాడి మీద కంటే ఈయన మీదే ఎక్కువ మండింది. అనడానికి లేని సిగ్గు చెప్పడానికి ఎందుకో నాకు అర్థం కాలేదు.

లాయరమ్మ అమ్మినవాడికి పంపిన నోటీసుకు జవాబు వచ్చింది. గుర్రం ఆరోగ్యంగానే ఉండిందనీ, ఆ రోజు పరసలో తనతో ఆడమనిషి ఎవరూ మాట్లాడలేదనీ రాయించాడు. నన్ను తిట్టి ఉంటే అంత బాధపడేదాన్ని కాదు. నేనక్కడ లేనే లేనన్నాడు. ఇప్పుడు మా బతుకంతా ఆ ఒక్క మాట నేనన్నానా లేదా అన్న దాని మీదకొచ్చి నిలబడింది.

లాయరమ్మ లోక్ అదాలత్‌లో అర్జీ పెట్టింది. ఆ రోజు వచ్చేదాకా గుర్రాన్ని ఊరికే మేపాం. కరువు సీమలో పని చేయని గుర్రాన్ని మేపడమంటే ఇంట్లో అల్లుణ్ణి పెట్టుకున్నట్టు. ఉలవలు ఇంట్లోవి అయిపోతే కొన్నాం. ఒకరోజు పెనుకొండ నుంచి పెళ్ళివాళ్ళు రెట్టింపు బాడుగ ఇస్తామని వచ్చారు. మా ఆయన మెత్తబడ్డాడు. "ఎడమ పక్క పట్టుకుని నేనుంటా గదా, ఏం కాదు," అన్నాడు. నేను జీనూ కళ్ళెమూ తీసుకెళ్ళి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకున్నాను. పెళ్ళివాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, నాకూ హాయిగా పని సాగింది.

గుర్రంతో మాత్రం నాకు చనువు పెరిగింది. ఎడమ పక్క నుంచి పోతే బెదురుతుందని ముందే గొంతు వినిపిస్తూ పోయేదాన్ని. "వస్తాండా, నేనే వస్తాండా," అంటూ పోతే చెవి ఇటు తిప్పేది. నేను మాట్లాడితే నిమ్మళించే ప్రాణి మా ఇంట్లో అదొక్కటే అని ఎన్నిసార్లు అనుకున్నానో. దాన్ని వెనక్కి ఇచ్చేయాలంటే మనసు ఒప్పేది కాదు. కానీ దాని మీద పెళ్ళికొడుకును ఎక్కించడం పాపం, ఎక్కించకుండా మేపడం మా వల్ల కాదు.

లోక్ అదాలత్ రోజు పొద్దున పెనుకొండ కోర్టు హాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. మా వంతు వచ్చాక బెంచి ముందు ఒక పక్క మేం, ఒక పక్క వాడు నిలబడ్డాం. బెంచి మీద ఉన్నది తల నెరిసిన పెద్దాయన. డాక్టరు కాగితం చదివి, మా నోటీసూ వాడి జవాబూ చదివి, "చెప్పప్పా," అన్నాడు వాడితో.

"సార్, తువ్వాలు తీసినాంక మాట లేదు. అది తాతల నాటి పద్ధతి. వాళ్ళు చూసుకున్నారు, కొనుక్కున్నారు. ఇప్పుడేమో ఈయమ్మ అడిగినానంటాది. ఆ పొద్దు ఆడ ఆడమనిషి నోరే తెరవలే సార్."

పెద్దాయన నన్ను చూశాడు. నేనడిగిన మాట మళ్ళీ చెప్పాను. "సాక్షి ఎవరమ్మా?" అన్నాడు. "మా ఇంటాయన," అన్నాను. ఆయన మా ఆయన వైపు తిరిగాడు.

"నీ భార్య ఆ మాట అడిగిందా?"

"అడిగింది సార్."

అవతలివాడు నవ్వాడు. "పెండ్లాం చెప్పమన్నట్ల చెప్తాండాడు సార్. ఇంట్లో ఆయమ్మదే పెత్తనం అనుకుంటా. ఆయమ్మ మాట్లాడింది ల్యా, ఏమీ ల్యా."

హాల్లో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. మా ఆయన్ని ఏమన్నా పడతాడు కానీ, ఇంట్లో పెత్తనం పెళ్ళానిది అంటే మాత్రం పడడు. ఒక్కసారిగా ఆయన మెడనరాలు ఉబ్బాయి.

"ఆమె మాట్లాడకపోతే నేనెవర్ని నోరు మూసుకోమంటినప్పా ఆ పొద్దు? నిన్నా?"

లాయరమ్మ కళ్ళు మూసుకుంది. హాలంతా గొల్లుమంది. అవతలివాడికి మాత్రం పండగొచ్చినట్టయింది. రెండు చేతులూ జోడించి బెంచి ముందుకు జరిగాడు.

"చూడండి సార్, ఆయన నోటితోనే చెప్పినాడు! మొగుడే నోరు మూసుకోమన్న మాటకు నేనెందుకు బదులు చెప్పల్ల? అందుకే నేను చెప్పలే సార్. ల్యాకపోతే చెప్పేటోణ్ణే!"

పెద్దాయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అంటే ఆమె అడిగింది నీకు వినపడింది."

వాడి చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి.

"నోటీసుకు జవాబులో ఆడమనిషి ఎవరూ మాట్లాడలేదని రాయించినావు. ఇప్పుడేమో లేకపోతే చెప్పేటోణ్ణే అంటాండావు. చెప్పేదానికి ఏదో ఉంటేనే గదప్పా చెప్పేది. ఏం చెప్పేటోడివి?"

వాడు తన లాయరును చూశాడు. ఆ లాయరు ఫైలులో ఏదో వెతుక్కుంటున్నాడు. లాయరమ్మ మెల్లగా కళ్ళు తెరిచి, పెదవి బిగించి నవ్వు ఆపుకుంటోంది. నేను ఆపుకోలేదు, నవ్వేశాను.

ఆ తర్వాత పని చకచకా సాగింది. కమిషన్‌కు పోతే ఈ మాటలన్నీ అక్కడా చెప్పాల్సి వస్తుందని పెద్దాయన నెమ్మదిగా చెప్పాడు. వాడు బయటికెళ్ళి లాయరుతో మాట్లాడుకొచ్చి దిగివచ్చాడు. ఇచ్చిన ధర ఇచ్చినట్టు తిరిగిస్తాడు, గుర్రాన్ని తోలుకుపోతాడు. మా ఆయనకు అప్పుడే ఊపిరి వచ్చినట్టయింది. నేను మాత్రం ఇంకోటి రాయాలన్నాను. ఈ గుర్రాన్ని ఎవరికమ్మినా ఎడమ కన్ను కనపడదని ముందే చెప్పి అమ్మాలి.

"చెప్తే ఎవరు కొంటారమ్మా?" అన్నాడు వాడు.

"ఆ మాట పరసలో నాకు చెప్పాల్సింది," అన్నాను.

పెద్దాయన తలూపి ఆ షరతూ రాయించాడు. వాడు దాన్ని ఎంతవరకు నిలబెట్టుకుంటాడో నాకు తెలియదు. దాని ఎడమ పక్కన గొంతు వినిపిస్తూ నడిచేవాళ్ళు ఎవరైనా దొరకాలని మాత్రం ఆ రోజు దండం పెట్టుకున్నాను.

వాడు మళ్ళీ మాట మార్చకుండా జరిగిందంతా రాజీ కాగితంలో రాయాలని లాయరమ్మ పట్టుబట్టింది. గుమస్తా టైపు చేసి, సంతకాలకు ముందు అందరికీ వినపడేలా చదివాడు. ఉప్పూ కారం లేని గొంతు. బేరం జరిగిన చోటు, గుర్రం రంగు, డాక్టరు పరీక్ష చదువుకుంటూ వచ్చాడు.

"...కొనుగోలుదారుని భార్య, జంతువునకు లోపమున్న యెడల తెలుపవలెననియు, తెలుపనిచో లోపము లేదని భావింతుమనియు అడిగెను. అంతట కొనుగోలుదారుడు ఆమెను నోరు మూసుకొమ్మనెను. అమ్మకందారుడు ఆ ప్రశ్న విని, తెలిసియుండియు, బదులు చెప్పలేదు."

ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆ నోరు మూసుకోమన్న మాట నాకు కొత్తది కాదు. మూడోసారి బోరు వేయొద్దన్నప్పుడు విన్నాను. పాలిచ్చే గేదెను అమ్మొద్దన్నప్పుడు విన్నాను. పక్కింట్లో మిక్సీ మోతలాగా అది నా చెవులకు అలవాటైపోయింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి దాన్ని కాగితంలోంచి చదివేసరికి, అది నన్నే అన్నారని మొదటిసారి తెలిసినట్టయింది. ఏడుపొచ్చింది. గెలిచామన్న ఆనందంతో వచ్చిన ఏడుపు కాదది. కొంగుతో కళ్ళు తుడుచుకుని ఎటో చూస్తూ నిలబడ్డాను.

పెద్దాయన అది గమనించినట్టున్నాడు. మా ఆయన వైపు చూసి, "రాజీ కుదిరిపోయింది కదప్పా. ఆ నోరు మూసుకోమన్న ముక్క ఒకటి ఉన్నా లేకున్నా మీకొచ్చే నష్టమేం లేదు. నీకు ఇబ్బందైతే కొట్టేయిస్తా," అన్నాడు.

మా ఆయన కాగితం దగ్గరికి తీసుకున్నాడు. ఆ వాక్యం మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. అవతలివాడు చూస్తున్నాడు, లాయరమ్మ చూస్తోంది, నేను చూస్తున్నాను.

"ఉండనీండి సార్. అది కొట్టేస్తే, ఈమె అడిగినట్టు ఎట్ల తెలుస్తాది?" అన్నాడు.

దాని కింద సంతకం పెట్టి, పెన్ను నాకిచ్చాడు.